పడవ మరమ్మతు వానకు ముందే

గోదావరిలో నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడే రోజులలో ఒడ్డున బోర్లించిన పడవలను ఎవరూ పట్టించుకోరు. తొలకరి పడి, వాగు పొంగి, అవతలి గట్టుకు దారి మూసుకున్న నాడే అవి గుర్తుకు వస్తాయి. అప్పటికి మరమ్మతుకు వ్యవధి ఉండదు. కారుతున్న పడవలోనే ఒకరు తెడ్డు వేస్తుంటే మరొకరు డబ్బాతో నీళ్లు తోడిపోస్తూ రేవు దాటుతారు. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాలలో ఈ అలవాటుకు స్వస్తి చెప్పవలసి ఉన్నది.

భద్రాచలం వద్ద 1965లో వంతెన ప్రారంభమైన తరువాత పడవకు కాలం చెల్లిందని అనిపించవచ్చు. రహదారి మీది ఊళ్లకు అది నిజమే. కాని గోదావరి, శబరి, తాలిపేరు, కిన్నెరసాని వెంబడి వంతెనలకు దూరంగా ఉన్న పల్లెలకు, చేపల వేటపై బ్రతికే కుటుంబాలకు పడవ నేటికీ అవసరమే. వరద వచ్చిన నాడు రహదారి ఊళ్లకు సైతం అదే దిక్కు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అటువంటి ప్రవాహంలో పడవ మునగడానికి పుచ్చిన పలక ఒక్కటి చాలు.

కొత్త పడవ కొనే స్తోమత లేనివారు పాతదానిని స్వయంగా బాగుచేసుకోవడం మెచ్చుకోదగినదే. అయితే ఏది బాగుపడుతుందో ముందు తేల్చుకోవాలి. అడుగు పలకలను, ముఖ్యంగా మేకుల చుట్టూ, ఉలి మొనతో పొడిచి చూడాలి. గట్టి చెక్కలో ఉలి దిగదు. పుచ్చిన చెక్కలో సులువుగా దిగుతుంది. మెత్తబడిన పలకను తీసి కొత్తది వేయాలే గాని, దానిపై రేకు ముక్క కొట్టి తారు పూస్తే లాభం లేదు. రేకు కింద తేమ నిలిచి పుచ్చు పక్క పలకలకు పాకుతుంది. పైకి మాత్రం పడవ బాగున్నట్లే కనిపిస్తుంది. లోపలి అడ్డకర్రలు చాలా భాగం పుచ్చిపోతే ఆ పడవపై ఖర్చు దండుగ. తాటి దోనెకు నిలువునా పగులు వస్తే అందులో మనుషులను దాటించరాదు.

పలకలు గట్టివైతే మిగిలినది సందుల పని. పాత తారు గీకి, పడవను నీడలో ఆరనిచ్చి, నూనెలో తడిపిన పత్తి గాని జనపనార గాని సందులలో కూర్చి, పైన గుగ్గిలం లేదా తారు పట్టించాలి. వేసవిలో చెక్క కుంచించుకొని సందులు పెద్దవిగా కనిపిస్తాయి. వాటిని మరీ బిగించి కూరితే, నీటిలో చెక్క ఉబ్బినపుడు పలకలు మేకుల నుండి ఊడివచ్చే ప్రమాదం ఉన్నది. పని ముగియగానే జనాన్ని ఎక్కించరాదు. రేవులో కట్టి రెండు మూడు రోజులు నాననిచ్చి, నీరు ఎక్కడ ఊరుతున్నదో చూసుకోవాలి. ఊరి వడ్రంగితో ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులు కలిస్తే ఇదంతా చేయగలిగిన పనే.

అసలు చిక్కు కలప వద్ద వస్తున్నది. కళ్లెదుట అడవి ఉన్నా అనుమతి లేనిదే చెట్టు కొట్టడం నేరం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో వెదురును చేర్చింది గాని కలపను చేర్చలేదు. అడవి రక్షణకు ఈ ఆంక్ష అవసరమే. కాని పట్టణపు అడితిలో రెండు పలకలు కొనలేని పేదవాడు పుచ్చిన పలకతోనే సరిపెట్టుకుంటాడు, లేదా చాటుగా గొడ్డలి పట్టుకుంటాడు. మొదటిది ప్రాణానికి, రెండవది అడవికి చేటు. పంచాయతీ ధ్రువీకరించిన పడవలకు అటవీ శాఖ తన డిపోల నుండి వేసవి ఆరంభంలోనే చౌకగా కలప ఇచ్చే ఏర్పాటు చేస్తే ఈ చిక్కు తీరుతుంది.

పంచాయతీల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. మే నెలలో రేవులోని ప్రతి పడవను పరీక్షించి, ఎందరు ఎక్కవచ్చునో దాని పక్కన రంగుతో రాయించాలి. ప్రాణరక్షణ జాకెట్లు సమకూర్చాలి. 2014లో కూనవరం, చింతూరు తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. నదికి రెండు రాష్ట్రాలైనా పడవ ఒక్కటే. తనిఖీ మీదంటే మీదని ఇరువైపుల అధికారులు తప్పుకోరాదు.

2019 సెప్టెంబరు 15న దిగువన కచ్చులూరు వద్ద యంత్రపు బోటు మునిగి యాభై మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. అంత పెద్ద బోటునే గోదావరి విడువలేదు. నాటు పడవను నమ్ముకున్నవారు మరింత జాగ్రత్త వహించాలి. నది శాంతంగా ఉన్న ఈ రెండు నెలలే మరమ్మతుకు అదను. అది దాటితే కట్టవలసిన మూల్యం డబ్బు రూపంలో ఉండదు.