ఆగస్టు క్లిప్పు చూసి తీర్పు చెప్పే పెద్దలకు

ఇది కొంచెం పొడుగు పోస్టు. ఓపికగా చివరిదాకా చదవండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాను.

మన యువజన విభాగం గ్రూపులో మూడు రోజులుగా నడుస్తున్న గొడవ మీరూ చూస్తున్నారు. మిషిగన్‌లో ఉన్న మన పిల్లలు, ఇక్కడ హోసూరులో ఉన్న మన పిల్లలు అమెరికన్ ఫుట్‌బాల్ మీద పడి కొట్టుకుంటున్నారు. ఎవరో కొత్త లైన్‌మన్, కుర్రవాడు, ప్రీసీజన్ ఆటలో పాస్ బ్లాకింగ్ చేయలేక తడబడ్డాడు. పన్నెండు సెకన్ల క్లిప్పు అది. దాని కింద నూరు కామెంట్లు. "వీడు పనికిరాడు", "వీణ్ణి తీసుకున్నవాణ్ణి ముందు పంపించాలి". ఆ ఆట ఒక్కటి కూడా పూర్తిగా చూడని మన పెద్దలు ఇద్దరు కూడా దూరి "అవునప్పా, దండగ" అనేశారు. అందుకే రాయాల్సి వచ్చింది.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. వాడికి దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. అంతలోపల ఎదుటి జట్టువాళ్లు వాడి మీద పడకుండా అడ్డం నిలబడేవాళ్లే లైన్‌మన్లు. రెండు చివర్లలో ఉండేవాళ్లను టాకిల్ అంటారు. నూటయాభై కిలోల మనిషి వెనక్కి అడుగులు వేస్తూ, ముందుకు దూకివచ్చేవాణ్ణి ఆపాలి. ఈ పనికి పరుగుల లెక్క లేదు, గోలుల లెక్క లేదు. నలభై సార్లలో ముప్పైతొమ్మిది సార్లు ఆపితే ఎవరూ చూడరు. నలభయ్యోసారి తప్పితే అదే క్లిప్పు. బాగా చేసినప్పుడు కనబడని పని అది.

ఇప్పుడు అసలు సంగతి. పెనే సూయెల్ పేరు మన పిల్లలకు బాగా తెలుసు. 2021లో డెట్రాయిట్ లయన్స్ డ్రాఫ్ట్‌లో 7వ స్థానంలో తీసుకున్నారు. అప్పటికి వాడికి ఇరవై ఏళ్లు. ఒరెగాన్ కాలేజీలో ఎడమవైపు టాకిల్. 2019లో ఔట్‌లాండ్ ట్రోఫీ గెలిచాడు. 2020లో కోవిడ్ వల్ల ఆడనని తప్పుకున్నాడు. అంటే 2021 ఆగస్టులో ప్రీసీజన్‌కి దిగేటప్పటికి ఆట ఆడి 19 నెలలైంది. దానిమీద జట్టువాళ్లు వాణ్ణి కుడివైపుకు మార్చారు.

"ఎడమేంది, కుడేంది, అడ్డం నిలబడేదే కదా" అంటారేమో. అట్లా కాదు. ఎడమవైపు ఉన్నవాడు ఎడమకాలు వెనక పెట్టి, ఆ కాలితోనే వెనక్కి జారాలి. కుడివైపుకొస్తే కాళ్లు, చేతులు, బరువు అన్నీ తిరగబడతాయి. ఏళ్ల తరబడి ఒళ్లు నేర్చుకున్నదాన్ని కొన్ని నెలల్లో మరిచిపోయి అద్దంలో బొమ్మలాగా చేయాలి. ఆ ఆగస్టులో సూయెల్ తడబడ్డాడు. తనను దాటి పోనిచ్చాడు. అభిమానులు గోలెత్తారు. ఏడో నంబరు వృథా అన్నవాళ్లూ ఉన్నారు.

తర్వాత ఏమైంది? సీజన్ మొదలయ్యేముందు ఎడమవైపు ఆడే టేలర్ డెకర్ వేలికి దెబ్బ తగిలింది. సూయెల్‌ను మళ్లీ ఎడమకు తోశారు. మొదటి ఆటే శాన్ ఫ్రాన్సిస్కోతో, ఎదురుగా నిక్ బోసా లాంటివాడు. భయపడినట్టు కూలిపోలేదు, నిలబడ్డాడు. నవంబరులో డెకర్ తిరిగి రాగానే మళ్లీ కుడివైపు. 2023లో ఆల్-ప్రో మొదటి జట్టు, 2024లో మళ్లీ అదే. 2024 ఏప్రిల్‌లో నాలుగేళ్లకు 11.2 కోట్ల డాలర్ల ఒప్పందం. ఆ ఆగస్టు కామెంట్లు రాసినవాళ్లు ఎవరైనా వెనక్కి వచ్చి "తప్పు మాట్లాడినాను" అన్నారా? నేనైతే చూడలేదు.

మన శ్రీరంగనీతుల పెద్దలు వెంటనే అడుగుతారు: "మరి ఇవాన్ నీల్ సంగతేంది?" న్యాయమైన ప్రశ్నే. 2022లో న్యూయార్క్ జెయింట్స్ తీసుకున్నారు, అదే 7వ స్థానం. నిలదొక్కుకోలేకపోయాడు. 2023లో అభిమానులను హాంబర్గర్లు కాల్చుకునేవాళ్లని ఎగతాళి చేసి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. అది వాడి తప్పే. అభిమానికి విమర్శించే హక్కు లేదని నేననడం లేదు. కానీ నీల్ మీద తీర్పు వచ్చింది సీజన్ ఆటల మీద, ఒకటి కాదు, వరసగా. అదే జట్టులో ఇంకో చివర ఆడిన ఆండ్రూ థామస్‌ను చూడండి. 2020లో 4వ స్థానం, మొదటి ఏడాది అందరూ చీదరించుకున్నారు. 2022కి ఆల్-ప్రో రెండో జట్టులో ఉన్నాడు. నీల్ ఎవరో, థామస్ ఎవరో ఆగస్టులో చెప్పగలిగే మొనగాడు మన గ్రూపులో ఉంటే చెయ్యెత్తండి.

"కోట్లు తీసుకుంటాడు కదా, మాట పడాల్సిందే" అన్నారు ఒకరు. కోట్లు ఇచ్చేది సీజన్ ఆటలకు. ప్రీసీజన్ ఫలితం పట్టికలో ఎక్కదు. తప్పులు బయటపడాలనే ఆ మూడు ఆటలు పెట్టేది. తప్పు చేయడానికి పెట్టినచోట తప్పు చేశాడని శిక్ష వేయడం ఏం న్యాయం?

ఈ మాటలన్నీ ఫుట్‌బాల్ కోసమే అయితే నేను ఇంత రాయను. పోయిన ఉగాదికి ముందు మనం చేసిందేమిటి? మన బిడ్డే, తమిళ మీడియంలో చదివింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం ఈ మధ్యే నేర్చుకుంటోంది. వ్యాఖ్యానం చేస్తానని తానే ముందుకొచ్చింది. రిహార్సల్‌లో రెండు ఒత్తులు తప్పింది. ఎవరో ఫోనులో తీసి గ్రూపులో పెట్టారు. "ఇదేం తెలుగు తల్లీ" అని నవ్వులు. అందులో నవ్వు బొమ్మ ఒకటి నాదే, ఒప్పుకుంటున్నాను. ఉగాది రోజు ఆ పిల్ల రాలేదు. ఆ తర్వాత ఏ కార్యక్రమానికీ రాలేదు.

ఆ పిల్లనూ మనం ఎడమ నుంచి కుడికి మార్చి నిలబెట్టాం. పైగా బడిలో తమిళం తప్పనిసరి చేసిన చట్టం 2006 నాటిది. అప్పటినుంచి మన పిల్లల్లో చాలామందిది ఇదే కథ. భాష పోతోందని ప్రతి సభలో ఏడుస్తాం. నేర్చుకోడానికి వచ్చినవాళ్లను మాత్రం తరిమేస్తాం.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు మాటలు తీర్మానంగా పెడుతున్నాను. రిహార్సల్ వీడియోలు గ్రూపులో పెట్టకూడదు. వేదిక ఎక్కే కొత్త పిల్లలకు కనీసం మూడు కార్యక్రమాలు ఇచ్చాకే బాగోగులు మాట్లాడాలి. ఆ మాట కూడా ఒకరే, పక్కకు పిలిచి, నెమ్మదిగా చెప్పాలి.

ఆ బిడ్డ ఇంటికి ఈ ఆదివారం నేను వెళ్తున్నాను. నవ్వు బొమ్మ పెట్టిన మిగతావాళ్లు కూడా వస్తే బాగుంటుంది. ఎవరెవరో అందరికీ తెలుసు, పేర్లు రాయను.