త్రిశూలీ నేర్పు పాఠము

పశుపతినాథుని దర్శించుటకును, ముక్తినాథమున తీర్థమాడుటకును నేపాళమునకు పోవు తెలుగు కుటుంబములకు, కాఠ్మాండూ నుండి పోఖరాకు సాగు సుమారు 200 కిలోమీటర్ల పృథ్వీ రాజమార్గమున, చాల దూరము త్రిశూలీ నది తోడు వచ్చును. హాలాహలపానానంతరము దాహార్తుడైన శివుడు త్రిశూలముతో కొండను పొడువగా గోసాయికుండము వెలసెననియు, ఆ జలమే ఈ నదియయ్యెననియు అచ్చటివారు చెప్పుదురు. ఆ నదిలో గాలి నింపిన రబ్బరు పడవనెక్కి, నురుగులు గ్రక్కు పరవళ్లపై సాగు రాఫ్టింగు అను వినోదము పిల్లలకు ఉత్సాహమును, పెద్దలకు గుబులును కలిగించును. తీర్థయాత్రకు వచ్చి, డబ్బిచ్చి మరీ ప్రాణముమీదికి తెచ్చుకొనుటెందుకని తలపండినవారు అడుగుదురు. ఆ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. అయినను, తగిన కాలమున, తగిన కట్టుబాట్లతో సాగినచో, ఈ నదీవిహారము కుటుంబసమేతముగా చేయదగినదేయనియు, అది నేర్పు పాఠము మన నదీతీరములకు మిక్కిలి అవసరమనియు నా నిశ్చితాభిప్రాయము.

వాలు హెచ్చి, ఒడ్డులు ఇరుకై, అడుగున బండలు అడ్డుపడిన చోట ప్రవాహము విరిగి, గాలిని తనలో కలుపుకొని తెల్లబడును. బండమీదుగా దుమికిన నీరు దిగువను వెనుకకు మరలి, చిక్కినదానిని అచ్చటనే త్రిప్పుచుండును. ఇట్టి ప్రవాహములను వాని తీవ్రతనుబట్టి ఆరు తరగతులుగా విభజించినారు. మొదటిది మందగమనము, ఆరవది ప్రాణములకు తెగించినవారికే. వర్షములు వెనుకబట్టిన శరత్తులో, ఈ నదీతీరమునగల చరౌదీకి దిగువ కుటుంబములు విహరించు భాగము చాలవరకు రెండు, మూడు తరగతులకు చెందినది. ఆ నదియే ఆషాఢ శ్రావణములలో, కొండచరియల మట్టిని మోసికొనుచు ఉప్పొంగినపుడు, కుటుంబములు దిగదగినది కాదు. కావున నది క్షేమమా కాదా అని కాక, ఈ మాసమున, ఈ భాగమున, ఈ నీటిమట్టమున క్షేమమా అని అడుగవలెను. పసిపిల్లలును, గర్భవతులును, గుండెజబ్బు గలవారును ఏ మాసముననైనను ఒడ్డుననే ఉండుట మేలు.

గత కార్తికమున మా కుటుంబము చరౌదీ ఇసుకమీద నిలిచినపుడు, పాతికేండ్లైనను నిండని గైడు ఒక్కొక్కరి లైఫ్ జాకెట్టును భుజముల పట్టీలు పట్టి పైకి గుంజి చూచెను. మా మనుమరాలి జాకెట్టు చెవులదాక లేచుటచే పట్టీలన్నియు విప్పి మరల బిగించెను. నీట పడినచో వెల్లకిల తేలుచు, పాదములు దిగువకు చాచి, కాలివ్రేళ్లు పైకి కనబడునట్లు ఉంచవలెననియు, ఎంత లోతు తక్కువగా తోచినను వడిలో నిలువబూనరాదనియు, రాళ్ల సందున పాదము ఇరుకుకొనినచో మోకాటిలోతు నీరే ప్రాణము తీయుననియు చెప్పెను. పిమ్మట ముందుకు, వెనుకకు, ఆపు, లోనికి దిగు అను ఆజ్ఞలను మేము తడబడకుండునంతవరకు గట్టుమీదనే సాధన చేయించెను. ఇంట తమ మాటకు ఎదురులేని మా అన్నగారు ఆ కుర్రవాని మాటకు తెడ్డు వేసిరి, మానిరి. నాట్లు వేయు స్త్రీలు ఒక్క పాటకు ఒక్కమారుగా వంగినట్లు తెడ్లన్నియు కలిసి మునిగినగాని పడవ అలకు ఎదురు నిలువదు. ఒకరు వేసి మరొకరు మానినచో అడ్డము తిరుగును, అడ్డము తిరిగినది బోల్తాపడును. వయస్సును, పెత్తనమును ప్రక్కనబెట్టి, తెలిసినవాని మాట వినుట ఎంత బలమో మా ఇంటిల్లిపాదికి ఆనాడు తెలిసివచ్చినది.

ఈ క్రమశిక్షణ మన ఇండ్లకు కొరవడుటచే ఎంత నష్టపోయితిమో తలచుకొనవలెను. 2014 జూన్ 8న హిమాచలమున బియాస్ నదిలో రాళ్లపై నిలిచి ఫొటోలు దిగుచున్న హైదరాబాదు ఇంజినీరింగు విద్యార్థులలో 24 మంది, ఎగువ లార్జీ ఆనకట్టనుండి విడిచిన నీటికి కొట్టుకొనిపోయిరి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన బోటు, వరద గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగి ఎన్నో కుటుంబములను శోకమున ముంచినది. ఈ రెండును సాహసక్రీడలు కావు. ఒకటి సరదాగా నిలుచుట, రెండవది కూర్చుండి కొండలు చూచుట. రెంటియందును లోపించినది ఆనాటి నీటిని గూర్చిన ఎరుకయే. ఎరిగించవలసినవారు ఎరిగింపకపోవుట మొదటి దోషము, మనము అడుగకపోవుట రెండవది.

నదిని తల్లియని పూజించు జాతి మనది. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. పసుపు కుంకుమలు సమర్పించు భక్తికి నీటి స్వభావమెరిగిన వివేకము తోడైనపుడే ఆ పూజ పరిపూర్ణమగును. వరద మట్టము దాటిన నాడు బోట్లను నిలిపివేయుట, ఎగువన నీరు విడుచుటకు ముందే దిగువవారిని హెచ్చరించుట ప్రభుత్వముల విధి. పిల్లలకు ఈత నేర్పుట తల్లిదండ్రుల విధి. ఇక పాఠకులకు నా మనవి ఒక్కటే: స్వదేశమున గాని, పరదేశమున గాని, లైఫ్ జాకెట్టు ఇవ్వని బోటు ఎక్కకుడు, ఆనాటి నీటిమట్టము చెప్పలేనివాని చేతికి మీ కుటుంబమును అప్పగింపకుడు.