ఆవిరి మనకు తెలిసిందే, సూయెట్ సంగతే తెలుసుకోవాలి



చలి ముదిరింది. సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతోంది. ఇంగ్లండులో ఈ రోజుల్లో హాస్పిటల్ క్యాంటీన్‌లోనూ, పిల్లల స్కూల్ డిన్నర్‌లోనూ, కేర్ హోమ్ మెనూలోనూ తరచుగా కనబడే పేరు స్టీమ్డ్ పుడ్డింగ్. పైన వేడి వేడి కస్టర్డ్ పోసి ఇస్తారు. దీని విషయంలో మనవాళ్ళు కొందరు "అందులో ఏముందో ఏమో" అని ప్లేటు పక్కన పెట్టేస్తారు. ఇంకొందరు "స్వీటే కదా, గుడ్డు కూడా లేదంట" అని తినేస్తారు. అందులో ఏముందో ఇద్దరికీ తెలియదు. తినేవాళ్ళు తెలిసి తినాలి, మానేవాళ్ళు తెలిసి మానాలి. అందుకే ఈ నెల మన శీర్షికలో ఈ పుడ్డింగ్ సంగతి.

అసలు చిక్కంతా సూయెట్ దగ్గర ఉంది. సూయెట్ అంటే ఆవు లేదా గొర్రె కిడ్నీల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. పాత ఇంగ్లీషు వంటల్లో ఎక్కువగా వాడింది బీఫ్ సూయెట్. వెన్న ఉండగా ఇదెందుకు అంటారా? వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. సూయెట్ కరగడానికి 45 డిగ్రీలు దాటాలి. ఆలస్యంగా కరుగుతుంది కాబట్టి ముక్క ఉన్న చోట పిండిలో సన్నటి ఖాళీ మిగిలిపోతుంది. పుడ్డింగ్ బరువుగా కూర్చోకుండా గుల్లగా రావడానికి అదే కారణం.

ఒకప్పుడు ఈ కొవ్వును కసాయి దగ్గర తెచ్చుకుని, పొర తీసి, చేత్తో తురుముకునేవాళ్ళు. 1893లో మాంచెస్టర్‌లో గాబ్రియెల్ హ్యూగాన్ అనే ఫ్రెంచ్ ఆయన తురిమిన సూయెట్‌ను తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. అదే మనం సూపర్ మార్కెట్‌లో చూసే అటోరా. ఎద్దును స్పానిష్‌లో "టోరో" అంటారు, ఆ మాట నుంచే ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఇప్పుడు అదే పేరుతో వెజిటబుల్ సూయెట్ కూడా దొరుకుతుంది. అది పామాయిల్ లాంటి మొక్కల నూనెలతో చేసింది. రెండు ప్యాకెట్లూ ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బ్రాండ్ చూసి చెయ్యి వెయ్యకండి. "వెజిటబుల్" అన్న మాట చూశాకే బుట్టలో వెయ్యండి.

ఇంకో సంగతి. తురుము ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా మామూలుగా గోధుమ పిండి అద్దుతారు. గ్లూటెన్ పడనివాళ్ళు ఇంట్లో ఉంటే వెజిటబుల్ సూయెట్ ప్యాకెట్ వెనక కూడా చదవాల్సిందే. ఇక్కడి లేబుళ్ళలో గోధుమ, పాలు, గుడ్డు లాంటి అలర్జీ పదార్థాలను మిగతా అక్షరాల్లోంచి విడిగా కనబడేలా, ఎక్కువగా ముద్దక్షరాల్లో వేస్తారు.

సూయెట్ మనం ఊహించని చోట్ల కూడా ఉంటుంది. డిసెంబర్‌లో స్టాఫ్ రూమ్ నిండా కనబడే మిన్స్ పైలనే చూడండి. లోపలి మిన్స్‌మీట్‌లో పేరుకే మీట్, ఉండేది ఎండు పళ్ళూ చక్కెరా మసాలాలూ. కానీ దాంట్లో సూయెట్ వేస్తారు. షాపువి చాలావరకు వెజిటబుల్ సూయెట్‌వే ఉంటాయి గానీ అన్నీ కావు. క్రిస్మస్ పుడ్డింగ్ సంగతీ అంతే. ఈ రెంటిలోనూ బ్రాందీ లాంటిది ఉండే అవకాశం ఉంది కాబట్టి హలాల్ చూసుకునే మన ముస్లిం అక్కాచెల్లెళ్ళు అది కూడా చూసుకోవాలి. చలికాలం కూరల మీద తేలే డంప్లింగ్స్‌లోనూ సూయెట్టే. ఎవరైనా ఇంట్లో చేసి తెస్తే "ఇది వెజిటబుల్ సూయెట్టా, బీఫ్ సూయెట్టా?" అని నవ్వుతూ అడిగేయండి. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. ఏది తినరో ముందే చెప్పడం ఇక్కడ మామూలే.

ఇక వంట. ఇది మన చేతికి కొత్తదేమీ కాదు. 17వ శతాబ్దం నుంచి ఇక్కడి ఆడవాళ్ళు పిండి ముద్దను బట్టలో మూటకట్టి మరిగే నీళ్ళలో వేసి పుడ్డింగ్ చేసేవాళ్ళు. గిన్నెలో పెట్టి ఆవిరి మీద ఉడికించడం తర్వాత వచ్చింది. మన అమ్మమ్మలు గిన్నె మూతికి వాసెన కట్టి ఆవిరి కుడుము వేసినదీ ఇలాంటి పనే. ఇడ్లీ పాత్ర దించడం వచ్చిన చెయ్యి ఈ పుడ్డింగ్‌నీ దించగలదు. కాకపోతే ఇడ్లీకి పది పన్నెండు నిమిషాలు, దీనికి గంటన్నర.

నేను చెప్పేది స్పాటెడ్ డిక్. పేరు వినగానే పిల్లలు నవ్వుతారు. "డిక్" అంటే పుడ్డింగ్‌కు పాత మాండలికంలో ఉన్న మాట అనీ, "స్పాటెడ్" అంటే ఎండు ద్రాక్ష మచ్చలనీ చెప్పండి. ఇందులో గుడ్డు లేదు. ఆరు నుంచి ఎనిమిది మందికి సరిపోతుంది.

కావలసినవి: సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ 200 గ్రాములు, వెజిటబుల్ సూయెట్ 100 గ్రాములు, చక్కెర 75 గ్రాములు, నల్ల ఎండు ద్రాక్ష అంటే కరెంట్స్ 150 గ్రాములు, ఒక నిమ్మకాయ పై తొక్క తురుము, చిటికెడు ఉప్పు, పాలు 150 మిల్లీలీటర్లు. నిమ్మ తొక్క పచ్చభాగమే తురమండి, తెల్లభాగం చేదు. 1.2 లీటర్ల పుడ్డింగ్ బేసిన్ ఒకటి కావాలి. అది లేకపోతే వేడికి ఆగే, అంచు ఉన్న లోతు గిన్నె ఏదైనా సరే.

ముందు గిన్నె లోపల వెన్న రాసి పెట్టుకోండి. పెద్ద గిన్నెలో అడుగున ఒక సాసర్ బోర్లించి, నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టండి. పిండి కలిపే ముందే ఈ నీళ్ళు మరుగుతూ ఉండాలి. ఎందుకంటే సెల్ఫ్ రైజింగ్ పిండికి తడి తగలగానే దాంట్లో ఉన్న బేకింగ్ పౌడర్ పని మొదలుపెట్టేస్తుంది. కలిపి పక్కన పెట్టి ఫోన్ మాట్లాడొస్తే పొంగు పోతుంది.

పొడివన్నీ కలిపి, పాలు కొంచెం కొంచెంగా పోస్తూ స్పూన్‌తో కలపండి. చపాతీ పిండిలా మర్దించొద్దు. చేతికి అంటుకునేంత మెత్తగా ఉంటే చాలు. పొడిపొడిగా అనిపిస్తే ఇంకో రెండు స్పూన్ల పాలు. గిన్నెలో ముప్పావు వంతు వరకే నింపండి, పొంగడానికి చోటు కావాలి.

బేకింగ్ పేపర్ మీద ఫాయిల్ వేసి, రెండూ కలిపి మధ్యలో ఒక మడత పెట్టి గిన్నె మీద కప్పండి. పుడ్డింగ్ లేచినప్పుడు ఆ మడత విచ్చుకుంటుంది. అంచు కింద దారంతో గట్టిగా కట్టి, అదే దారంతో పైన పిడిలా వేసుకుంటే దించేటప్పుడు చెయ్యి కాలదు. గిన్నెను సాసర్ మీద పెట్టి, నీళ్ళు దాని సగం ఎత్తుకు వచ్చేలా చూసి, గట్టిగా మూత పెట్టండి. మంట తగ్గించి గంటన్నర ఉంచండి. అరగంటకోసారి కెటిల్‌లో మరిగిన నీళ్ళు పోస్తుండాలి. చన్నీళ్ళు పోస్తే ఆవిరి ఆగిపోతుంది. ప్రెషర్ కుక్కర్‌లో విజిల్ తీసి పెడితే అవుతుంది గానీ నీళ్ళు తొందరగా అయిపోతాయి, పెద్ద గిన్నే నయం.

సన్న పుల్ల గుచ్చి చూస్తే పచ్చి పిండి అంటకూడదు. దించి ఐదు నిమిషాలాగి ప్లేటులోకి బోర్లించండి.

ఇండియాలో సూయెట్ దొరకనివాళ్ళు 200 గ్రాముల మైదాలో రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ కలిపి, ఉప్పు లేని వెన్నను ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి 100 గ్రాములు తురిమి వేసుకోండి. వెన్న ముందే కరుగుతుంది కాబట్టి అంత గుల్లగా రాదు, రుచి మాత్రం బాగుంటుంది.

పైకి కస్టర్డ్. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన భార్యకు గుడ్డు పడేది కాదు. ఆమె కోసం 1837లో మొక్కజొన్న పిండితో గుడ్డు లేని కస్టర్డ్ పౌడర్ చేశాడు. ఒక ఇంట్లో ఒకరు తినలేకపోతే వంటే మారింది చూశారా. వెజిటబుల్ సూయెట్ వాడి మనం చేసేదీ ఇంచుమించు అంతే.

నర్సుగా ఒక మాట. ఈ ఒక్క పుడ్డింగ్‌లోనే 80 గ్రాములకు పైగా కొవ్వు ఉంటుంది. వెజిటబుల్ అన్న మాట చూసి తేలిక అనుకోవద్దు, పామాయిల్‌లో సగం దాకా సాచురేటెడ్ కొవ్వే. షుగర్ ఉన్నవాళ్ళు చిన్న ముక్క తీసుకుని, కస్టర్డ్‌లో చక్కెర తగ్గించుకోండి.

మీలో కేర్ హోముల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. భోజనం వద్దని తల తిప్పేసుకునే ముసలివాళ్ళు పుడ్డింగ్ కస్టర్డ్ రాగానే నోరు తెరవడం మీరూ చూసే ఉంటారు. అది వాళ్ళ చిన్ననాటి తిండి, మనకు అరిసె ఎలాగో అలాగ. కానీ మింగడం కష్టమైనవాళ్ళకు ఎండు ద్రాక్షతో ప్రమాదం. స్పీచ్ థెరపిస్ట్ రాసిన ప్లాన్ చూడకుండా ఒక్క స్పూన్ కూడా పెట్టకండి. ఇక బీఫ్ సూయెట్ ముట్టుకుని వండాల్సిన పని పడి మీకు మనసొప్పకపోతే మేనేజర్‌కు ముందే చెప్పండి. లోపల బాధపడుతూ చెయ్యడం కంటే, చివరి నిమిషంలో తప్పుకోవడం కంటే అదే మర్యాద.

ఈ ఆదివారం చేసి చూడండి. పక్కింటి పెద్దావిడకు ఒక ముక్క వేడిగా తీసుకెళ్ళి ఇచ్చి, వాళ్ళమ్మ ఎలా చేసేదో అడగండి. బోర్లించిన ఫోటోలు గ్రూపులో పెట్టడం మరిచిపోకండి.