హద్దు తెలిసిన సాహసం

వెనుకటి రోజులలో మన వీధులలో ఒక కేక వినబడేది. బిందెలకు మాట్లు వేస్తాం, గిన్నెలకు కళాయి పూస్తాం అంటూ కుంపటీ తిత్తీ మోసుకొని వచ్చే పనివాని కేక అది. అరుగు ప్రక్కన గుంట తీసి, బొగ్గులు రాజేసి, నవాసాగరమూ తగరమూ బయటకు తీసేసరికి వీధిలోని పిల్లలందరూ అతని చుట్టూ మూగేవారు. చిల్లిపడిన పాత్ర తిరిగి నీళ్లు నిలుపుకోవటం వారికి గారడీవలె కనబడేది. ఆ అతుకుకు మన భాషలో ‘మాటు’ అని పేరు. కంసాలి వాడే వెలిగారానికి సంస్కృతంలో టంకణమని పేరు. కరగించి అతికే లోహాన్ని మనం టంకమంటున్నాము. పనీ, పనికి తగిన మాటా రెండూ మన ఇండ్లలో ఉండేవి. అయినా నేటి చదువరి ఆ పనిని తనది కాదనుకొంటున్నాడు. ఆ అలవాటును గురించి రెండు మాటలు చెప్పదలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఉదాహరణకు తీసుకొన్నది మాత్రం బిందె కాదు, కంప్యూటరు. 2001 మొదలు 2005 దాకా అమెరికా, ఐరోపా, తైవాన్, జపాన్ దేశాలలో కొందరు ఔత్సాహికులు ఒక చిత్రమైన పనికి పూనుకొన్నారు. డబ్బు పోసి కొన్న కంప్యూటరు మదర్‌బోర్డుకు తామే టంకం పెట్టి, మెమరీకి అందే వోల్టేజిని కర్మాగారం నిర్ణయించిన దానికంటె పెంచుకొన్నారు. చూచినవారిలో కొందరు దానిని పిచ్చి అన్నారు, కొందరు వీరకృత్యమన్నారు. నేర్పేవాడు దొరికితే అది మంచి పాఠమని నా అభిప్రాయం.

ముందుగా విషయం తెలుసుకొందాము. నేటి కంప్యూటరు మెమరీకి మూలమైన ఆలోచన 1966లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న రాబర్ట్ డెనార్డ్‌ది. ఒక ట్రాన్సిస్టరు, ఒక చిన్న కెపాసిటరు కలిస్తే ఒక బిట్టును దాచే గది అవుతుంది. కెపాసిటరులో విద్యుదావేశం ఉంటే ఒకటి, లేకుంటే సున్న. ఆ ఆవేశం చిల్లి కుండలో నీరువలె కారిపోతూ ఉంటుంది. అందువల్ల సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి గదులన్నిటినీ తిరిగి నింపవలసి వస్తుంది. ఈ గదులకూ, వాటిని చదివే వలయాలకూ ఎంత వోల్టేజి ఇవ్వవలెనో జెడెక్ అనే ప్రమాణాల సంస్థ నిర్ణయిస్తుంది. 2000లో వెలువడిన డి.డి.ఆర్. ప్రమాణంలో అది 2.5 వోల్టులు, ఆ వర్గంలోని వేగవంతమైన 400 రకానికి 2.6. తరువాత 2003లో డి.డి.ఆర్.2కు 1.8, 2007లో డి.డి.ఆర్.3కు 1.5, 2012లో డి.డి.ఆర్.4కు 1.2, 2020లో డి.డి.ఆర్.5కు 1.1 వోల్టులు. తరం మారినకొద్దీ వోల్టేజి తగ్గుతూనే వచ్చినది.

ప్రమాణం తగ్గిస్తూ పోతుంటే మనుష్యులు పెంచాలని ఎందుకు చూచినారు? వోల్టేజి హెచ్చితే ట్రాన్సిస్టర్లు త్వరగా మారుతాయి. సంకేతం తన గుర్తింపు గీతను త్వరగా దాటుతుంది. కనుక అదే చిప్పు మరింత వేగంతో తప్పు లేకుండా పనిచేయగలదు. అన్ని చిప్పులూ ఇందుకు ఒకేవిధంగా స్పందించవు. తైవాన్‌లోని విన్‌బాండ్ సంస్థ చేసిన బి.హెచ్.-5 అనే చిప్పు 3 వోల్టులు దాటిన తరువాతనే తన సత్తా చూపేది. ఆనాటి చాలా బోర్డులు తమ మెనూలో 2.8 వోల్టుల దగ్గర ఆగిపోయేవి. ఆ కొద్దిపాటి తేడాకోసమే సోల్డరింగ్ ఐరన్ చేతికి వచ్చినది.

ఇక అసలు కిటుకు చూడండి. బోర్డు మీద మెమరీకి వోల్టేజి అందించే నియంత్రకమొకటి ఉంటుంది. తాను బయటకు ఇస్తున్న వోల్టేజి మొత్తాన్ని అది చూడదు. రెండు నిరోధకాలు ఒకదాని క్రింద ఒకటి చేరి ఆ వోల్టేజిని పంచి, ఒక వాటాను మాత్రం దానికి చూపుతాయి. నియంత్రకం ఆ వాటాను తనలోని ఒక స్థిరమైన కొలతతో పోల్చి, తక్కువైతే పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. లెక్కకు అనువుగా ఆ స్థిరమైన కొలత 1.25 వోల్టులనీ, పై నిరోధకం, క్రింది నిరోధకం చెరి 1 కిలో ఓము అనీ అనుకొందాము. అప్పుడు మెమరీకి సరిగా 2.5 వోల్టులు అందుతాయి. ఇప్పుడు క్రింది నిరోధకానికి సమాంతరంగా 10 కిలో ఓములు చేర్చండి: 2.625 వోల్టులు. 5 కిలో ఓములైతే 2.75. 2 కిలో ఓములైతే 3.125. పిల్లలారా, కాగితం తీసుకొని సమాంతర నిరోధకాల సూత్రంతో లెక్క సరిచూడండి. పదవ తరగతిలో మీరు వల్లించే ఓము నియమమే ఇది, 1827లో ప్రకటితమైనది. ఇంత లెక్కతో, రెండు సన్నని తీగలతో, మర తిప్పి మార్చుకోగల ఒక చిన్న నిరోధకంతో పని జరిగిపోతుంది.

టంకం లేకుండా ఈ పని చేసినవారు కూడా ఉన్నారు. బోర్డు మీది నిరోధకంపై మెత్తని పెన్సిలుతో రుద్దితే గ్రాఫైటు సమాంతర మార్గమవుతుంది. 2000లో ఎ.ఎం.డి. వారి అథ్లాన్ ప్రాసెసరుపై కనబడే చిన్న వంతెనలను పెన్సిలు గీతతో కలిపి, కర్మాగారం వేసిన తాళాన్ని విడిపించినవారు ఎందరో. తాళం వేసినది పెద్ద కర్మాగారం, తీసినది బడిపిల్లవాని పెన్సిలు!

చేతిపని దగ్గర మాత్రం తొందర పనికిరాదు. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిసిన టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. 2006 జూలై 1 నుండి ఐరోపా సమాజం సీసాన్ని నిషేధించినందున వాడుకలోకి వచ్చిన తగరం, వెండి, రాగి మిశ్రమానికి 217 డిగ్రీల దాకా వేడి కావలెను. వేడి చాలకపోతే అతుకు లోపల పట్టు లేకుండా ఉంటుంది. ఎక్కువసేపు పెడితే బోర్డు మీది రాగి రేకు లేచివస్తుంది. టంకం పొగ పీల్చరాదు, సీసం ముట్టిన చేయి కడుగకుండా అన్నం ముట్టరాదు. ఇవన్నీ కళాయివానికి గురువు చెప్పిన జాగ్రత్తలవంటివే.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోక తప్పదు. 2004 వేసవిలో, ఇంజనీరింగు రెండవ సంవత్సరం చదువుతున్న నా మేనల్లుడు ఈ పని చేయబోయినాడు. మార్చుకొనే నిరోధకాన్ని అతికినాడు కాని, దాని మర ఏ కొసన ఉన్నదో కొలవలేదు. అది సున్న కొసన ఉన్నది. నియంత్రకానికి చూపవలసిన వాటా సున్న అయినది. వోల్టేజి అసలు లేదనుకొని నియంత్రకం తనకు సాధ్యమైనంతా పైకి తోసినది. క్షణంలో మెమరీ కాలిపోయింది.

“చూశావా నీ మేనల్లుడి నిర్వాకం! వేలు పోసి కొన్న వస్తువు!” అన్నారు మా బావగారు. నేను కూడా ఆయనతో గొంతు కలిపి, చదువు మాని యంత్రాలు పాడుచేస్తున్నావని కుర్రవాణ్ణి గట్టిగా మందలించినాను. వాడు ఒకే మాట అన్నాడు: “పాడయింది యంత్రం అతికినందుకు కాదు మామయ్యా, కొలవనందుకు.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో వాడు నాలుగు నెలల తరువాత మరొక మెమరీ కొన్నాడు. ఈసారి ముందు కాగితం మీద వలయం గీసినాడు, లెక్కల పట్టిక వేసినాడు. మార్చుకొనే నిరోధకంతో వరుసగా ఒక స్థిర నిరోధకాన్ని చేర్చినాడు. అది ఎందుకని అడిగితే, ఇక మర ఏ కొసకు తిప్పినా వోల్టేజి నేను గీసిన గీత దాటదు అన్నాడు. మీటరుతో మూడుసార్లు కొలిచిన తరువాతనే మెమరీని పెట్టినాడు. ఆ బోర్డు చాలా యేండ్లు పనిచేసింది. పాతికేండ్ల ఉపాధ్యాయవృత్తిలో శిక్షణ అన్న మాటకు నేను చెప్పిన అర్థాలన్నిటికంటె, ఆ చిన్న స్థిర నిరోధకం నాకు ఎక్కువ అర్థం చెప్పినది. ఒకరు గీసిన హద్దును దాటినవాడు తన హద్దును తానే గీసుకోవలెను. అది లేని సాహసం దుడుకుతనం.

ఈ పనిని ఆక్షేపించేవారి మాటలో నిజం లేదని నేననను. వోల్టేజి పెంచితే వేడి దాని వర్గం ప్రకారం పెరుగుతుంది. 2.6 నుండి 3.2కు పోతే, వేగం ఏమాత్రం పెంచకముందే వేడి ఇంచుమించు ఒకటిన్నర రెట్లవుతుంది. ఆనాటి చిప్పుల వివరపత్రాలలో తట్టుకోగల పరమావధి సాధారణంగా 3.6 వోల్టులని ఉండేది. దాని దరిదాపులకు పోయినకొద్దీ చిప్పు ఆయువు క్షీణిస్తుంది. అమ్మినవాని హామీ చెల్లదు. ఇంతా చేసి సంపాదించిన వేగం ఆటలో కొన్ని బొమ్మలు ఎక్కువ కదలటానికి తప్ప మరి దేనికీ అక్కరకు రాలేదని కూడా అనవచ్చును. నిజమే. కాని కుస్తీ పట్టిన కుర్రవాడు ఎవరిని పడగొట్టినాడన్నది ఒక లెక్క, వానికి ఎంత ఒడ్డూ పొడుగూ వచ్చినదన్నది వేరొక లెక్క. చదువు చెప్పేవారికి కావలసినది రెండవదే.

కాలం మారినది. 2005లో తైవాన్‌కు చెందిన డి.ఎఫ్.ఐ. సంస్థ తన లాన్‌పార్టీ వర్గంలోని ఒక బోర్డుపై మెమరీకి 4 వోల్టుల దాకా ఇచ్చుకొనే ఏర్పాటు తానే చేసిపెట్టినది. ఔత్సాహికులు టంకంతో చేసిన పనిని కర్మాగారమే అంగీకరించినదన్నమాట. డి.డి.ఆర్.5 వచ్చిన తరువాత నియంత్రకం బోర్డును వదలి మెమరీ పలక మీదికే చేరినది. పాత కిటుకుకు చోటు లేకుండా పోయినది. దానికి విచారం అక్కరలేదు.

విచారించదగినది మరొకటి ఉన్నది. నేటి సన్నని ల్యాప్‌టాపులలో చాలావాటికి మెమరీ బోర్డుకే అతికి వస్తున్నది. 2008లో వచ్చిన మొదటి మాక్‌బుక్ ఎయిర్ అటువంటిదే. తీగల దూరం తగ్గితే వేగమూ, విద్యుత్తు పొదుపూ లభిస్తాయి కనుక ఆ పద్ధతికి శాస్త్రీయ కారణం లేకపోలేదు. కాని ఫలితమేమి? మెమరీ చాలకపోయినా, చెడిపోయినా కొన్నవాడు చేయగలిగినది లేదు. ఒకప్పుడు కొన్నవాని చేతిలో స్వాతంత్ర్యమైన టంకమే ఇప్పుడు చేసినవాని చేతిలో తాళమైనది. వేగమూ దక్కి, మార్చుకొనే వీలూ దక్కే మార్గం ఉన్నదని జెడెక్ 2023 డిసెంబరులో ప్రకటించిన క్యామ్2 ప్రమాణం చూపుతున్నది. అడిగేవారుంటేనే అటువంటి మార్గాలు బజారుకు వస్తాయి. లోపల ఏమున్నదో తెలియనివాడు ఏమని అడుగగలడు?

కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు అన్నారు. మనం దానిని రాట్నానికి పరిమితం చేసి మరచిపోయినాము. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు చదివే పిల్లలకు పుస్తకాల సంచి లేని పది దినాలు ఉండవలెననీ, అప్పుడు వారు స్థానిక పనివారి దగ్గర పని నేర్చుకోవలెననీ అన్నది. ఆ పది దినాలలో ఒక్క దినం దీనికి ఇవ్వండి. పనిచేసే కంప్యూటరును ముట్టుకోనక్కరలేదు. గోడ ప్లగ్గు జోలికి అసలే పోరాదు. ఒక 9 వోల్టుల బ్యాటరీ, రెండు నిరోధకాలు, ఒక మీటరు చాలు. వోల్టేజి ఎట్లా పంచబడుతుందో పిల్లలు తమ కండ్లతో చూస్తారు. కాగితం మీద పెన్సిలుతో దట్టమైన గీత గీయించి, దాని నిరోధం కొలిపించండి. గీతను వెడల్పు చేసి మరల కొలిపించండి. చెడిపోయి మూలపడిన బోర్డు ఒకటి తెచ్చి, పెద్ద తరగతులవారి చేత మీ ఎదుట అతుకులు విప్పించి, తిరిగి వేయించండి. మీ ఊరిలో రేడియోలు, సెల్‌ఫోన్లు బాగుచేసే పనివానిని ఆ పూటకు గురువుగా పిలిచి కుర్చీ వేయండి. తెలుగు ఉపాధ్యాయులు కూడా ప్రక్కన నిలువవచ్చును. మాటు, టంకం, వెలిగారం, కళాయి అన్న మాటలకు అర్థం చెప్పటానికి అంతకంటె మంచి తరగతి దొరకదు.

విద్యార్థులకు ఒక మాట. కొన్న వస్తువును విప్పి చూడాలనే కోరిక తప్పు కాదు. విప్పేముందు లెక్క వేయండి, అతికేముందు కొలవండి, మీటలు నొక్కేముందు మీ హద్దు మీరే గీసుకోండి. ఆ మూడు పనులూ చేసిన తరువాత కూడా వస్తువు పాడైతే, మిమ్మల్ని మందలించే పెద్దలకు నా పేరు చెప్పండి. ఒకసారి అనవసరంగా మందలించినవాణ్ణి కనుక, వారికి సమాధానం చెప్పవలసిన బాకీ నాకు ఉన్నది.