గ్రాంటు సరే, అధ్యాపకుడేడీ?

‘వనరులు మీరే చూసుకోండి. కంపెనీలను అడగండి, పూర్వ విద్యార్థులను కలవండి.’ రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు సచివాలయంలో తరచూ ఎదురయ్యే హితబోధ ఇది. అడగడంలో తప్పు లేదు, అడిగి తీరాల్సిందే. కాకపోతే ఆ మాట చెప్పేవారు కంపెనీ సొమ్ము దేనికి వస్తుందో, దేనికి రాదో కూడా తెలుసుకుని చెప్పాలి. ప్రాజెక్టుకు నిధులిచ్చే సంస్థ పరికరాలకు ఇస్తుంది, రీసెర్చ్ స్కాలర్లకు ఫెలోషిప్ ఇస్తుంది, క్షేత్ర పర్యటనలకు ఇస్తుంది. ఆ ప్రాజెక్టును నడిపే ఆచార్యుడికి ముప్పై ఏళ్ల పాటు జీతం ఇవ్వదు. ఆచార్యుడే లేని విభాగం గడప అసలు తొక్కదు.

దేశంలో డబ్బుకు కరవు లేదు. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలని 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ చెబుతోంది. 2022-23లో ఈ సీఎస్ఆర్ పద్దు కింద దేశవ్యాప్తంగా ఖర్చయిన మొత్తం సుమారు రూ.30 వేల కోట్లు. 2019లో కేంద్రం ఆ చట్టం ఏడో షెడ్యూలును సవరించింది. ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాల్లో సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, వైద్య పరిశోధనలకు ఇచ్చే సొమ్మును కూడా సీఎస్ఆర్‌గా లెక్కకట్టేందుకు దారి చూపింది. 2023లో చట్టం చేసిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్లలో రూ.50 వేల కోట్లు సమకూరుస్తామన్నప్పుడూ, అందులో రూ.36 వేల కోట్లు ప్రభుత్వేతర వర్గాల నుంచే రావాలని అంచనా వేశారు. పరిశోధనపై దేశం పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఉండిపోయిన కాలంలో ఢిల్లీ కూడా దాతల వైపే చూస్తోందన్నమాట.

మరి ఆ దాతలు ఎటు వెళుతున్నారు? బాపట్లలో పుట్టిన కృష్ణా చివుకుల 2024లో ఐఐటీ మద్రాసుకు రూ.228 కోట్లు ఇచ్చారు. నందన్ నీలేకని 2023లో ఐఐటీ బాంబేకు రూ.315 కోట్లు ఇచ్చారు. చదువుకున్న చోటి మీద మమకారం అనుకుందాం. కానీ 2022లో బెంగళూరు ఐఐఎస్సీ వైద్య కళాశాల, ఆసుపత్రి కోసం పార్థసారథి దంపతులతో కలిసి రూ.425 కోట్లు ప్రకటించిన సుబ్రతో బాగ్చీ అక్కడ చదివినవారు కారు. ఇచ్చిన రూపాయి పనిగా మారుతుందన్న నమ్మకం ఉన్న చోటికి ఆయన వెళ్లారు. ఐఐటీ మద్రాసు 2023-24లో పూర్వ విద్యార్థులు, కంపెనీల నుంచి రూ.513 కోట్లు సమీకరించగలిగిందంటే కారణం అదే. అడిగే తీరు వారికి తెలుసు, అడిగాక చేసి చూపే మనుషులూ అక్కడున్నారు.

మన దగ్గరా ఒకప్పుడు అలాగే జరిగింది. 1930ల్లో జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. వాల్తేరులోని సైన్స్, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఆ లక్షకు అర్థం వచ్చింది మాత్రం భౌతిక శాస్త్రంలో సూరి భగవంతం, రసాయన శాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి ఉండబట్టి. ఆ ఇద్దరి కుర్చీలూ ఖాళీగా ఉంచి మహారాజును విరాళం అడిగి ఉంటే ఆయన ఏమనేవారో ఊహించుకోవచ్చు.

ఇవాళ మన ప్రభుత్వాలు చేస్తున్నది సరిగ్గా అదే. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఏళ్లుగా ఖాళీ. ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేలకు పైగా పోస్టుల భర్తీకి 2023లో ప్రకటనలు వచ్చాయి, వ్యాజ్యాల్లో చిక్కుకున్నాయి. బోధన బండిని కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులు లాగుతున్నారు. వారిలో సమర్థులకు కొదవ లేదు. అయితే పరిశోధన గ్రాంట్లలో చాలావాటికి ప్రధాన పరిశోధకుడు రెగ్యులర్ సర్వీసులో ఉండి తీరాలి. వచ్చే విద్యా సంవత్సరంలో తాను ఉంటాడో లేదో తెలియని మనిషి మూడేళ్ల ప్రాజెక్టుకు సంతకం ఎలా పెడతాడు? పోస్టులు నింపడం ఖర్చు అని ఆర్థిక శాఖ అనుకుంటోంది. ఆ పోస్టులు ఖాళీగా ఉన్నందున రాకుండా పోతున్న గ్రాంట్ల పద్దు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించదు మరి.

రెండో లోపం విశ్వవిద్యాలయాలదే. సీఎస్ఆర్ ఖర్చుకు కంపెనీకి మార్చి 31 గడువు. ఆలోగా ఖర్చు కాని సొమ్ము కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాకు మళ్లించాలి, ఆ తర్వాత మూడేళ్లలో ఖర్చు చేసేయాలి. విశ్వవిద్యాలయంలో ఫైలు విభాగాధిపతి నుంచి డీన్‌కు, డీన్ నుంచి రిజిస్ట్రార్‌కు, అక్కణ్నుంచి ఫైనాన్స్ ఆఫీసర్‌కు కదిలేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. మూడు కొటేషన్లు, కొనుగోళ్ల కమిటీ, కోరం లేక వాయిదా. చివర్లో వినియోగ పత్రం అడిగితే దిక్కులు చూడటం. కంపెనీ రెండోసారి రాకపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. ప్రతి విశ్వవిద్యాలయంలోనూ గ్రాంట్ల కోసం శాశ్వత కార్యాలయం ఉండాలి. ప్రతిపాదన రాయగలవారు, చట్టం తెలిసినవారు, లెక్కలు గడువులోగా అప్పగించేవారు అందులో ఉండాలి. రిటైరైన ఆచార్యులకు గౌరవప్రదమైన కుర్చీ చూపించే చోటుగా దాన్ని మార్చకూడదు.

ఇక, ఇచ్చిన సొమ్ము భద్రంగా ఉంటుందా అని దాత అడిగితే? విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం నిధుల్లో రూ.400 కోట్లను 2021లో రాష్ట్ర ఆర్థిక సేవల సంస్థకు తరలించినప్పుడు అక్కడి ఉద్యోగులు రోడ్డెక్కాల్సి వచ్చింది. అది గ్రాంటు సొమ్ము కాదని, డిపాజిట్ మాత్రమేనని వాదించవచ్చు. ఖజానాకు కటకట వస్తే విశ్వవిద్యాలయం ఖాతా మీద కన్ను పడుతుందన్న సంగతి మాత్రం బయటివారికి అర్థమైంది. గ్రాంటు ఖాతాను సర్కారు తాకడానికి వీల్లేదని విశ్వవిద్యాలయాల చట్టంలోనే రాయాలి. ఉత్తర్వు చాలదు. ఉత్తర్వును ఇంకో ఉత్తర్వు మింగేస్తుంది.

దాతకూ హద్దు గీయాల్సిందే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బెట్టీ డాంగ్ అనే పరిశోధకురాలు 1980ల చివర్లో బూట్స్ కంపెనీ డబ్బుతో థైరాయిడ్ మందులపై అధ్యయనం చేపట్టారు. ఆ కంపెనీ ఖరీదైన మందూ, చౌకగా దొరికే జెనరిక్ మందులూ ఒకేలా పనిచేస్తాయని తేలింది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేనిదే ఫలితాలు ప్రచురించరాదన్న షరతు ఒప్పందంలో ఉంది. అచ్చుకు సిద్ధమైన వ్యాసాన్ని 1995లో ఆమె వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అది వెలుగు చూసింది 1997లో. అన్నాళ్లూ రోగులు ఎక్కువ ధర చెల్లించారు. అలాంటి షరతు ఉన్న కాగితం మీద ఏ రిజిస్ట్రారూ సంతకం పెట్టకూడదు, ఎన్ని కోట్లు చూపించినా సరే. దాతలంతా ఇలాంటివారేనని కాదు. తన డబ్బుతో తేలిన ఫలితాలు అందరికీ ఉచితంగా అందాలని పట్టుబట్టే గేట్స్ ఫౌండేషన్ వంటివీ ఉన్నాయి. ఎవరి షరతు ఎలాంటిదో జనానికి తెలియాలంటే ప్రతి ఒప్పందం పూర్తి పాఠాన్ని విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో పెట్టడం ఒక్కటే మార్గం. సంతకాల రోజు శాలువాల ఫొటో పత్రికలకు పంపినంత మాత్రాన అది పారదర్శకత అయిపోదు.

ఇంకో మాట. 2019 సవరణలో చరిత్రకు, అర్థశాస్త్రానికి, తెలుగుకు చోటు లేదు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థలో ఉన్నటువంటి తాళపత్రాలకు అదే షెడ్యూలులోని వారసత్వ పరిరక్షణ పద్దు కింద అడగవచ్చు. మిగతా వాటి భారం మాత్రం ఖజానాదే. ఎరువుల కంపెనీ కౌలు రైతుల అప్పుల మీద పరిశోధనకు డబ్బిస్తుందని ఎదురుచూడటం అమాయకత్వం.

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇది శతాబ్ది సమయం. ఉస్మానియా తన నూరేళ్లు ఎప్పుడో దాటింది. ఉత్సవాలకు పెట్టే ఖర్చు సంగతి ఎలా ఉన్నా, రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ రానున్న బడ్జెట్ సమావేశాల్లోనే అధ్యాపక నియామకాలకు గడువు ప్రకటించాలి. గ్రాంటు ఖాతాలకు చట్ట రక్షణ కల్పించే బిల్లు పెట్టాలి. కంపెనీల నుంచి ఎంత వస్తే ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంటులో అంత కోత పడదని సభలో రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఉపకులపతులను కంపెనీల దగ్గరికి పంపడం ఆ తర్వాతి పని.