పెళ్ళికూతురు, పెళ్ళిపెద్ద

వేంకటేశ్వరస్వామి కథలో ఆడవాళ్ళకు రెండు మంచి వేషాలున్నాయి. ఒకటి పెళ్ళికూతురు పద్మావతి, రెండోది ఆ పెళ్ళి కుదిర్చిన తల్లి వకుళ. రెండూ కట్టిన నటి శాంతకుమారి. 1939లో పి. పుల్లయ్య ఆ కథను సినిమా తీసినప్పుడు సి.యస్.ఆర్. స్వామి, ఆవిడ పద్మావతి. 1960లో అదే పుల్లయ్య మళ్ళీ ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ తీశారు. అందులో స్వామి రామారావు, పద్మావతి సావిత్రి, వకుళ శాంతకుమారి.

ఆవిడ పుట్టింది 1920లో. రామారావు పుట్టింది 1923లో. కొడుకు కంటే తల్లి మూడేళ్ళు పెద్ద! ఈ మాట ఒకనాడు క్లాసులో చెబితే వెనక బెంచీల పిల్లలు ఒకటే నవ్వు. ముందు వరుసలోని అమ్మాయి మాత్రం నవ్వలేదు. “మరి ఆయన ఎన్నాళ్ళు పెళ్ళికొడుకుగా వేశారు సార్?” అంది. ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు వేశారని చెప్పి, పాఠంలోకి వెళ్ళాను. కానీ ఆ ప్రశ్న నాతోపాటే ఇంటికి వచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే మరీ విడ్డూరం. 1955లో వచ్చిన ‘అర్ధాంగి’లో ఆవిడ జమీందారు రెండో భార్య. జమీందారు వేషం వేసిన గుమ్మడి ఆవిడకంటే ఏడేళ్ళు చిన్న. సవతి కొడుకు అక్కినేని, సొంత కొడుకు జగ్గయ్య. అప్పటికి ఆవిడ వయస్సు ముప్పయ్యయిదు! పైగా అది సాధు తల్లి వేషం కూడా కాదు. సవతి కొడుకును అణచి ఉంచే గడుసుతనం. ఆ వేషంలో ఆవిడను చూసినవారు వకుళలో చూస్తే ఇద్దరూ ఒక్కరేనా అనుకుంటారు.

ఆవిడది మన సీమే, కడప జిల్లా ప్రొద్దుటూరు. అసలు పేరు సుబ్బమ్మ. చిన్ననాడే సంగీతం, వయొలిన్ నేర్చింది. 1936లో ‘శశిరేఖా పరిణయం’లో శశిరేఖ అయింది. మరుసటి ఏడు ‘సారంగధర’ తీసిన పుల్లయ్యనే పెళ్ళాడింది. అప్పట్లో పాట రానివాళ్ళకు కథానాయిక వేషం దొరకడం కష్టం. ఎవరి పాట వారే పాడుకోవాలి.

ఆడదానికి ముప్పై దాటగానే తల్లి వేషం అంటగట్టడం సినిమావాళ్ళ అన్యాయమే. ఆ అమ్మాయి కోపంలో తప్పులేదు. అయితే ‘మహాత్మ్యం’ తీసింది పరాయివాళ్ళు కాదు. కంపెనీ సొంతం, దర్శకుడు భర్త. వకుళ వేషం దిగువ మెట్టు అని నేననుకోను.

కథే చూడండి. యశోదకు కృష్ణుడి పెళ్ళి చూసే భాగ్యం లేకపోయింది. ఆ కొరత తీరడానికే వకుళగా పుట్టిందంటారు. నారాయణవనం వెళ్ళి ఆకాశరాజు ఇంట పిల్లనడిగింది ఆవిడే. సాక్షాత్తు స్వామి కూడా అమ్మ కబురు తెచ్చేదాకా ఎదురుచూడవలసిందే! ఆ సినిమాలో రామారావుకు ఘంటసాల, సావిత్రికి సుశీల పాడారు. శాంతకుమారి మాత్రం తన పాట తానే పాడుకుంది, శశిరేఖ నాటి అలవాటు ప్రకారం. నలభైయేళ్ళ గొంతులో ఆ ఆర్తి వినాలి. మా ఇంట్లో టీవీలో ఆ సినిమా వస్తే వంటింట్లో స్టవ్వు ఆరిపోతుంది.

1999 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చారు. 2006 జనవరి 16న ఆవిడ కన్నుమూసింది.

మా కాణిపాకంలో వినాయకుణ్ణి చూసుకుని కొండకు బయలుదేరేవారికి ఒక మాట. తిరుపతి దగ్గర పేరూరు బండమీద వకుళమాత గుడి ఉంది. ఏళ్ళ తరబడి పాడుబడి ఉండి, 2022 జూన్‌లో మళ్ళీ దీపం వెలిగింది. కొడుకును చూడబోయే ముందు ఒకసారి ఆ తల్లిని కూడా చూసి వెళ్ళండి.