పాట చేరింది, పాటగాడు చేరలేదు

ప్రజాకవి, గాయకుడు వంగపండు ప్రసాదరావు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. ఆ తర్వాత ఆరు రోజులకు, ఆగస్టు 10న, చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, మరికొన్ని దీవులకు సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్‌ను ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఈ రెండు వార్తలకు పైకి ఎలాంటి సంబంధమూ లేదు. ఒకటి మరణవార్త, మరొకటి ఆర్థిక వార్త. కానీ అండమాన్‌లో స్థిరపడిన తెలుగువారి వైపు నుంచి చూస్తే వీటిని కలిపి చదవక తప్పదు. పాటను క్షణాల్లో మోసుకువచ్చే తీగ ద్వీపానికి చేరేసరికి, ఆ పాట కట్టి పాడిన మనిషి లేకుండా పోయారు.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు కొత్తగా వినిపిస్తున్న భాష కాదు. రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర ఈ ద్వీపాలలోనే ప్రవాస శిక్ష అనుభవించారు. ఆ తరువాతి దశాబ్దాలలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు, కట్టడాల పనులకు వేలాది కుటుంబాలు తరలివచ్చాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల జనాభా 3,80,581 కాగా, వారిలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే. బెంగాలీ, హిందీ, తమిళాల తర్వాత స్థానం తెలుగుదే.

ఇంగ్లీషు వార్తాసంస్థలు వంగపండు, గద్దర్ వంటివారిని 'బల్లాడీర్' అని రాస్తుంటాయి. ఆ వార్తను తెలుగు చేసేటప్పుడు కలం ఒక్క క్షణం ఆగుతుంది. కవి అంటే సగమే చెప్పినట్లు, గాయకుడు అన్నా సగమే చెప్పినట్లు అవుతుంది. తానే పాట కట్టి, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, వేదికపై తానే ఆడి పాడేవారిని మన పల్లెజనం 'పాటగాడు' అంటారు. ఇంతకన్నా సరైన మాట లేదు. ఈ మూడు పనులూ ఒక్క మనిషిలో కలిసినప్పుడే ఆ కళ సంపూర్ణమవుతుంది. కాబట్టి దానిని యంత్రంలో నిలువ చేసి పంపితే చేరేది ఒక భాగం మాత్రమే.

ఈ వ్యాసకర్త వంగపండు పాటలను మొదట క్యాసెట్లలో విన్నాడు. అనంతరం ఉత్తరాంధ్రలో ఒక సభలో ఆయనను ప్రత్యక్షంగా వినే అవకాశం కలిగింది. పాటలన్నీ కంఠతా వచ్చినవే. అయినా క్యాసెట్టులో వినపడనిది అక్కడ ఒకటి కనిపించింది. పల్లవిని జనమే అందుకుంటున్నారు. పాటలో దొర్లిన ఒక పాత పల్లెమాటకు పక్కనున్న వృద్ధుడు తన మనుమడికి అర్థం చెబుతున్నాడు. పుస్తకాలలో చోటు దొరకని ఉత్తరాంధ్ర యాస, వేదికపై తలెత్తుకు నిలబడింది. సొంత మాటతీరుకు సిగ్గుపడనక్కరలేదన్న పాఠాన్ని ఏ పాఠశాలా ఇంత సులువుగా నేర్పలేదు. ఇల్లు దాటితే హిందీ మాట్లాడవలసిన ద్వీపాల పిల్లలకు ఈ పాఠం మరింత అవసరం.

అయితే ఖర్చు మాటేమిటి? విశాఖపట్నానికి, పోర్ట్ బ్లెయిర్‌కు మధ్య దూరం దాదాపు 1,200 కిలోమీటర్లు. విశాఖ ఓడలు చెన్నై, కోల్‌కతా ఓడలంత తరచుగా లేవు. ప్రయాణానికి రెండు మూడు రోజులు పడుతుంది. విమాన ఛార్జీలు సామాన్యునికి భారమే. అయినప్పటికీ సినీ గాయకుల కచేరీతో దీనికి పోలిక లేదు. పాటగాడికి కావలసింది ఒక డప్పు, ఒక డోలక్, వంత పాడే నలుగురు మనుషులు. రంగురంగుల దీపాలు, భారీ వేదికలు అక్కరలేదు.

ఈ ఖర్చు భరించడానికి కొత్త సంస్థను నెలకొల్పవలసిన పని కూడా లేదు. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు అండమాన్, నికోబార్ దీవులు కూడా వున్నాయి. ఒక ప్రాంతపు కళను మరొక ప్రాంతానికి చేర్చడమే ఇటువంటి కేంద్రాల లక్ష్యం. తెలుగు పాటగాళ్లను ఏటా ఒక్కసారి ద్వీపాలకు పంపడం దానికి అలవికాని పనేమీ కాదు. రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు, ద్వీపాలలోని తెలుగు సంఘాలు కలిసి అడిగితే కాదనడానికి కారణం కనిపించదు.

ధిక్కార గీతాలకు ప్రభుత్వ సొమ్మా అని కొందరు ప్రశ్నించవచ్చు. 2023 ఆగస్టులో గద్దర్ మరణించినప్పుడు ఆయన అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతోనే జరిగాయి. తెలంగాణ ప్రభుత్వం సినీ పురస్కారాలకు ఆయన పేరే పెట్టింది. మరణించిన పాటగాడిని గౌరవించడానికి అడ్డురాని పాట, సజీవుడైన పాటగాడిని పిలవడానికి ఎందుకు అడ్డురావాలి?

జాప్యానికి మూల్యం ఏమిటో ఈ కొద్ది సంవత్సరాలే చెబుతున్నాయి. 2020లో వంగపండు, 2023లో గద్దర్, 2025 నవంబరులో తెలంగాణ రాష్ట్ర గీత రచయిత అందెశ్రీ వెళ్లిపోయారు. వారి పాటలు మిగిలాయి. కానీ వారి ఎదుట కూర్చుని పల్లవి అందుకునే అవకాశం ఇక ఎవరికీ లేదు. 'వల్లంకి తాళం' కావ్యానికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన గోరటి వెంకన్న వంటివారు మన మధ్య వున్నారు. పేరు ఇంకా బయటకు రాని పాటగాళ్లు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎందరో వున్నారు.

కేబుల్ వేయడానికి ప్రభుత్వం సముద్రగర్భాన్ని లెక్కచేయలేదు. అది అభినందనీయం. ఇప్పుడు కావలసింది అరడజను ప్రయాణ టికెట్లు, ఒక మైదానం, ఒక సాయంత్రం. సంతాప సభలకు వెచ్చించే సొమ్ములో కొంత ముందుగానే ఇందుకు ఖర్చు చేస్తే, జంగ్లీఘాట్ మత్స్యకారుల పిల్లలు తమ తాతల యాసను పాటగాడి నోటనే వింటారు.